వెదురు రైలెక్కుటకు అనుమతి కోరుట గురించి

కాకినాడలో రేవులు, బల్లకట్ల శాఖ జిల్లా కార్యాలయం అని ఒకటుంది. ఒకప్పుడు ఆ జిల్లాలో మనుషుల్ని ఏళ్లూ కాలవలూ దాటించడానికి నూట పన్నెండు బల్లకట్లు తిరిగేవట. ఏటేటా వంతెనలు కట్టుకుంటూ పోగా పోగా చివరికి రెండు మిగిలాయి. ఆ రెంటిలో ఒకటి మరమ్మతులో ఉంది. బల్లకట్లు తగ్గే కొద్దీ ఉన్నవాటి మీద పర్యవేక్షణ ఇంకా నిశితంగా సాగాలి కాబట్టి, సిబ్బందిని మాత్రం తగ్గించలేదు. నలభై మూడు మంది ఉదయం పదిన్నరకు వచ్చి, తిరుగుతున్న ఆ ఒక్క బల్లకట్టునూ తిరగని రెండోదాన్నీ సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండేవారు.

ఆ నలభై మూడో మనిషి వీరవేణి, జూనియర్ అసిస్టెంటు. వాళ్ల ఇంటా వంటా కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఇలా మొదట చదివినవాళ్లకి ఒక జబ్బుంటుంది. అచ్చులో ఉన్నదంతా మనసులో మాటేనని నమ్ముతారు. ఫారంలో గడి కనిపిస్తే నింపకుండా వదల్లేరు. ‘వివరంగా రాయండి’ అని ఉంటే నిజంగానే వివరంగా రాస్తారు. మిగతావాళ్లకి అది మర్యాదకి అన్న మాటని తెలుసు.

వీరవేణి తండ్రి నూకరాజు రైల్వేలో ట్రాలీమేనుగా చేసి రిటైరయ్యాడు. ట్రాలీ అంటే పట్టాల మీద నడిచే నాలుగు చక్రాల బల్ల. దాని మీద ఒక బెంచీ, బెంచీ మీద ఇనస్పెక్టరు గారు, ఆయన మీద గొడుగు. దానికి నలుగురు ట్రాలీమేన్లు. వంతుకి ఇద్దరు చొప్పున వెనక నుంచి వట్టికాళ్లతో పట్టా మీదే పరుగెత్తుతూ దాన్ని తోస్తారు. ఎదురుగా రైలొస్తుందంటే నలుగురూ కలిసి ట్రాలీని ఎత్తి పక్కన పెట్టి, రైలు పోయాక మళ్లీ పట్టాల మీద పెడతారు. నూకరాజు ముప్పై ఒక్క ఏళ్లు అలా తోశాడు, ఎత్తాడు, దించాడు. పల్లం వచ్చినప్పుడు వెనక చెక్క మీద ఒంటికాలితో నిలబడ్డాడు గానీ బెంచీ మీద కూర్చున్నది లేదు.

ఒక ఆదివారం సామర్లకోటలో, అద్దె వాటాలో, ఆయన ఫోను చూస్తూ చూస్తూ కేక పెట్టాడు.

“ఒసే అమ్మడూ! ఇట్రాయే! ఎవడో మన ట్రాలీ ఎత్తుకుపోయాడే!”

చూస్తే కంబోడియా దేశంలో వెదురు రైలు. రెండు ఇరుసులు, వాటి మీద వెదురు బద్దల తడిక, వెనక చిన్న ఇంజను. అంతే బండి. ఉన్నది ఒకటే పట్టాల దారి. ఎదురుగా ఇంకో బండి వచ్చిందా, రెంటిలో ఏ బండిలో మనుషులు తక్కువుంటే ఆ బండివాళ్లు దిగిపోవాలి. ఆ బండిని విప్పి తడికను ఒక పక్కా ఇరుసుల్ని ఒక పక్కా పెట్టి, మనుషులు ఎక్కువున్న బండికి దారిస్తారు. అది పోయాక మళ్లీ బిగించుకుని వెళ్తారు.

నూకరాజు దాన్ని పదకొండుసార్లు చూశాడు.

“మరి కూకున్నోళ్లు ఎవరే? ఆపీసర్లా?”

“కాదు నాన్నా. టిక్కెట్టు కొనుక్కుంటే ఎవరైనా కూర్చోవచ్చు.”

“ఎవరైనానా?”

“ఎవరైనా.”

నూకరాజు ఫోను పక్కన పెట్టి, “తోసినోళ్లు కూడానా?” అన్నాడు.

ఆ మాటతో వీరవేణి నిశ్చయించుకుంది. అడ్డమల్లా ఆయన మోకాళ్లే. ముప్పై ఒక్క ఏళ్లు ఇనుము మీద పరుగెత్తిన మోకాళ్లు. ఫిబ్రవరిలో ఆపరేషన్ చేస్తామని, ఆ తర్వాత జన్మలో బాసిపీట వేసుకుని నేల మీద కూర్చోకూడదని డాక్టరు చెప్పాడు. వెదురు రైలుకి బెంచీ లేదు. తడిక మీద బాసిపీట వేసుకునే కూర్చోవాలి. అంటే ఫిబ్రవరి లోపల వెళ్లాలి, లేదా మర్చిపోవాలి. ఒక్కణ్ణే వెళ్లి రమ్మంటే ఆయన, “నువ్వు లేకుండా నేను తుని కూడా దాటను” అనేశాడు.

వీరవేణి రెండు వందల పేజీల నోటుబుక్కు కొంది. విశాఖపట్నంలో ఏ విమానం, మధ్యలో ఎక్కడ మారాలి, అక్కడ నుంచి బస్సు ఎన్ని గంటలు, మోకాళ్ల పట్టీలు ఏ సంచిలో, ఆవకాయ డబ్బాకి ఎన్ని కవర్లు చుట్టాలి, ‘నెమ్మదిగా పోనివ్వండి’ అని వాళ్ల భాషలో ఎలా అనాలి, అన్నీ రాసుకుంది. నాలుగు రోజుల ప్రయాణం. ఇక మిగిలింది ఆఫీసు అనుమతి ఒక్కటే. జూన్ నెల మొదటి వారంలో ఫారం నింపింది.

ఫారంలో పదకొండో గడి: ప్రయాణ ప్రయోజనం. (అ) వైద్యం (ఆ) తీర్థయాత్ర (ఇ) విదేశాల్లో ఉన్న సంతానాన్ని చూచుట (ఈ) సదస్సు లేక అధ్యయనం. వర్తించని వాటిని కొట్టివేయండి.

వీరవేణి నాలుగూ కొట్టివేసింది. కింద ఖాళీలో ‘మా నాన్నగారిని వెదురు రైలు మీద కూర్చోబెట్టుటకు’ అని రాసింది. ‘వివరాలకు అదనపు కాగితం జతపరచవచ్చును’ అని ఉంది కాబట్టి బండి ఎలా నడుస్తుందో, ఎందుకు విప్పుతారో, విప్పి బిగించడానికి ఎంతసేపు పడుతుందో మూడు పేజీలు జతపరిచింది.

సూపరింటెండెంటు పద్మరాజు గారు ఆ మూడు పేజీలూ చదివి కళ్లజోడు తీశారు. ఆయన మంచివారు. ఎవరికీ చెడు చెయ్యకూడదని ఇరవై ఆరేళ్లుగా ఏమీ చెయ్యకుండా ఉన్నవారు.

“ఏంటమ్మా ఇది?”

“అనుమతి కోసం అండి.”

“అది తెలుస్తోంది. ప్రయోజనం ఏంటంటున్నా.”

“రైలెక్కడమేనండి.”

“అదే, ఎందుకని?”

“సరదాకి అండి.”

పద్మరాజు గారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. “చూడమ్మా. సరదాకి గడి లేదు. ప్రభుత్వోద్యోగికి సరదా పుట్టడం అనేది నిబంధనలు రాసినవాళ్లు ఊహించలేదు. అక్కడేదో పెద్ద గుడి ఉందంటారు కదా? తీర్థయాత్ర అని టిక్కు పెట్టెయ్. రేపు సాయంత్రానికి సంతకం అయిపోద్ది.”

“గుడికి వెళ్లట్లేదండి. నాలుగు రోజుల్లో కుదరదు.”

“వెళ్లమన్నానా? రాయమన్నాను.”

“అబద్ధం రాస్తే చర్య తీసుకుంటామని కింద అచ్చేశారండి.”

“అచ్చేస్తారమ్మా! వాళ్లకేం!” అని పద్మరాజు గారు నెత్తి కొట్టుకుని, ‘పరిశీలనార్థం సమర్పించడమైనది’ అని రాసి ఫైలు పైకి తోశారు.

పైన డిప్యూటీ డైరెక్టరు విరూపాక్షం గారు ఉంటారు. ఆయన ఏ కాగితం మీదా ‘సరే’ అని గానీ ‘కాదు’ అని గానీ రాసినట్టు దాఖలా లేదు. రెండూ రిటైరయ్యాక మెడకు చుట్టుకునే మాటలని ఆయన అభిప్రాయం. పదిహేను రోజులకి వీరవేణిని పిలిపించారు.

“నువ్వు అడిగినది రైలు ఎక్కుటకు అనుమతి. అవునా?”

“అవునండి.”

“సదరు రైలును మార్గమధ్యంలో విప్పుదురని నీవే జతపరచిన కాగితంలో, రెండవ పేజీ, మూడవ పేరాలో ఉన్నది. విప్పి బిగించుటకు నాలుగు నిమిషములు.”

“అవునండి. వీడియోలో చూసి లెక్కేశాను.”

“ఆ నాలుగు నిమిషములు రైలు లేదు. తడిక ఒకచోట, ఇరుసులు ఒకచోట, ఇంజను ఒకచోట. అట్టి సమయంలో నీవు ఎక్కడ ఉన్నట్లు?”

“పక్కన గడ్డిలో నిలబడతానండి.”

“ఏ హోదాలో?”

వీరవేణి తను జతపరిచిన మూడు పేజీల వైపు చూసింది; హోదా సంగతి అందులో రాయలేదు.

“రైలు ఎక్కుటకు సెలవు పెట్టిన ఉద్యోగిని పరాయి దేశపు గడ్డిలో నిలబడినచో అది సెలవా, విధి నిర్వహణా, గైర్హాజరా? రేపు ఆడిట్ వారు అడిగిన ఎవరు జవాబు చెప్పవలెను? నేను!” విరూపాక్షం గారు కుర్చీలో వెనక్కి వాలారు. “గడ్డికి విడిగా దరఖాస్తు పెట్టుకో.”

ఇంకొకరైతే బయటికొచ్చి నవ్వుకునేవారో, ఏడ్చేవారో. వీరవేణి తన బల్ల దగ్గరికి వెళ్లి ‘గడ్డిలో నాలుగు నిమిషములు నిలబడుటకు అనుమతి కోరుట గురించి’ అని రెండో దరఖాస్తు రాసింది. వారం తర్వాత దాని మీద ప్రశ్న వచ్చింది: ‘ఎదురు బండ్లు ఎన్ని వచ్చునో తెలుపక, మొత్తం ఎన్ని నాలుగు నిమిషములో తేల్చుట సాధ్యం కాదు. సంఖ్య తెలుపగలరు.’ ‘ముందుగా తెలియదు’ అని జవాబు రాసింది. దానికి ప్రత్యుత్తరం: ‘తెలియని కాలవ్యవధికి సెలవు మంజూరు చేయు నిబంధన లేదు.’

శ్రావణమాసం వెళ్లింది. నూకరాజు రోజూ స్టేషన్‌కి వచ్చి, కాకినాడ పాసింజరు దిగిన కూతురి ముఖం చూసి, ఏమీ అడక్కుండా టిఫిను క్యారేజీ అందుకుని ఇంటికి నడిచేవాడు. ఒకరోజు మాత్రం, “పోనీలే అమ్మడూ, పోనులో సూశాం కదా. అదీ ఎళ్లినట్టే” అన్నాడు. ఆ రాత్రి వీరవేణి నోటుబుక్కులో ఇంకో పేజీ రాసింది.

ఈలోగా విరూపాక్షం గారికి ఇంకో సందేహం వచ్చింది. బండి వెదురుది కాబట్టి, వెదురు బరువు మోస్తుందో లేదో తెలుసుకోకుండా అనుమతించడం సాహసం. ఫైలుని వెదురు వృద్ధి సంస్థకి అభిప్రాయం కోసం పంపారు. ఆ సంస్థవాళ్లకి పదేళ్లలో అభిప్రాయం అడిగిన మొదటి కాగితం అదే. వాళ్లు ఆనందంతో పదిహేడు పేజీలు రాశారు. సారాంశం ఇది: వెదురు ప్రపంచంలో ఎక్కడున్నా మా పరిధిలోకే వచ్చును, కావున సదరు రైలును మేమే స్వయంగా పరిశీలించవలసి ఉన్నది.

ఆ ముక్క చదివేసరికి విరూపాక్షం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నాలుగు నెలలుగా ఎవరికీ తట్టని సంగతి ఆయనకి ఆ క్షణంలో తట్టింది. ఆ రాత్రికి రాత్రే రాజధానిలో ఉన్న డైరెక్టరు గారికి లేఖ రాశారు. ‘వెదురు తడికపై మనుషులను ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చు సాధనమును మన శాఖ ఎనభై ఏండ్లుగా బల్లకట్టు అనుచున్నది. సదరు రైలు నేల మీది బల్లకట్టే. నీరు లేకపోవుట ఒక్కటే తేడా. మన జిల్లాలో మరమ్మతులో ఉన్న బల్లకట్టుకు కూడా నీరు లేదు. కావున విషయం మన శాఖదే. అన్యులు ప్రవేశించక మునుపే అధ్యయనం చేయుట శ్రేయస్కరం.’

తొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. జూనియర్ అసిస్టెంటు వీరవేణికి వెదురు రైలెక్కడానికి అనుమతి ఇవ్వవచ్చునా అన్న విషయం తేల్చడానికి అయిదుగురు సభ్యుల కమిటీ కంబోడియా వెళ్లి, వెదురు రైలెక్కి చూసి రావాలి.

కమిటీలో డైరెక్టరు గారు అధ్యక్షులు. విరూపాక్షం గారు, లెక్కల అధికారి, పద్మరాజు గారు సభ్యులు. అయిదోవారు సాంకేతిక సభ్యుడు. వారి ఎంపిక తర్వాత.

“నలుగురి ఫారాలూ నింపు అమ్మా” అన్నారు పద్మరాజు గారు సిగ్గుపడుతూ.

వీరవేణి నింపింది. పదకొండో గడిలో (అ), (ఆ), (ఇ) కొట్టేసి ‘(ఈ) సదస్సు లేక అధ్యయనం’ ఉంచింది. నలుగురికీ మర్నాడు మధ్యాహ్నానికే అనుమతి వచ్చింది.

“మరి నన్ను కూడా వేస్తే సరిపోయేది కదండి?”

“నువ్వు దరఖాస్తుదారువి. నీ దరఖాస్తు మీద వేసిన కమిటీలో నువ్వెలా ఉంటావమ్మా? తప్పు కదూ?” పద్మరాజు గారు గోడ వైపు చూస్తూ ఇంకో మాట అన్నారు. “విరూపాక్షం గారు నీ నోటుబుక్కు ఇమ్మంటున్నారు. టూర్ ప్రోగ్రాం తయారు చెయ్యాలట. ఆఫీసులో ఆ దేశం సంగతి తెలిసింది నీకొక్కదానికేగా.”

ఇవ్వను అనడానికి వీరవేణికి ఏ నిబంధనా కనిపించలేదు. ఇచ్చింది. ఏ విమానం, ఏ బస్సు, ఏ సత్రం, అన్నీ యథాతథంగా టూర్ ప్రోగ్రాం అయ్యాయి. ‘ఆవకాయ డబ్బాకి మూడు కవర్లు’ అన్నది కూడా ‘కమిటీ పాటించవలసిన జాగ్రత్తలు’ అన్న శీర్షిక కింద టైపైంది. ఆ కాగితం చూశాక ఆమె భోజనాల గదిలోకి వెళ్లి, క్యారేజీ మూత తియ్యకుండా అరగంట కూర్చుంది.

సాంకేతిక సభ్యుడి సంగతి మిగిలింది. ‘పట్టాల మీది వాహనమును మనుషుల చేత ఎత్తించి, దింపించి, తిరిగి పట్టాలపై నిలుపుటలో పదేండ్లకు తక్కువ కాని ప్రత్యక్ష అనుభవం ఉండవలెను’ అని డైరెక్టరు గారు షరతు పెట్టారు. అంతటి అనుభవజ్ఞుడు దేశంలోనే దొరకడని, అప్పుడు ఆ స్థానంలో తన తోడల్లుణ్ణి నామినేట్ చెయ్యవచ్చునని ఆయన ఆలోచన. నిబంధన ప్రకారం నోటీసుబోర్డులో ప్రకటన పెట్టాలి. ఆ పని వీరవేణిది. పెట్టింది. గడువు ఆఖరి రోజు సాయంత్రం లెక్క చూస్తే వచ్చిన దరఖాస్తు ఒకటే.

పద్మరాజు గారు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. “కె. నూకరాజు, సామర్లకోట. అనుభవం ముప్పై ఒక్క ఏళ్లు. సర్వీసు పుస్తకం నకలు జతచేశారు. ఎవరీయన?”

“మా నాన్నండి. అది కూడా కింద విడిగా రాశానండి, నాకు తండ్రి అవుతారని.”

“బంధువు! బంధువు పనికిరాడు!”

“కమిటీ సభ్యులకి బంధువైతే పనికిరారండి. నేను సభ్యురాలిని కాదు కదండి. తోడల్లుడైతే పనికిరారు. ఆరో పేరా.”

పద్మరాజు గారు ఆరో పేరా చదివారు. మళ్లీ చదివారు. కళ్లజోడు మీంచి ఆమెని చాలాసేపు చూశారు. “అమ్మాయ్, నిజం చెప్పు. నువ్వు అమాయకురాలివా, గడుసుదానివా?”

“రూలు చదివానండి” అంది వీరవేణి.

నూకరాజు వెళ్లనని మొరాయించాడు. “నువ్వు లేకుండానా? అందులోనూ ఆపీసర్లతోనా? మళ్లీ నా సేతే తోయిస్తారే!” అన్నాడు. “తోయించరు నాన్నా, దానికి ఇంజనుంది. నువ్వు సభ్యుడివి. సభ్యుడంటే కూర్చోవాలి” అని ఉత్తర్వు చదివి వినిపిస్తే, ‘సభ్యుడు’ అన్న మాట దగ్గర వేలు పెట్టి చూపించమని అడిగి, చూసి, ఒప్పుకున్నాడు. సంక్రాంతి వెళ్లిన వారానికి విశాఖపట్నంలో విమానం ఎక్కారు. మోకాళ్ల పట్టీలు ఏ సంచిలో ఉన్నాయో వీరవేణి ఫోనులో మూడుసార్లు చెప్పింది.

మూడో రోజు పదకొండున్నరకి ఆమె బల్ల మీద ఫోను మోగింది. వీడియోలో ముందు ఆకాశం కనబడింది, తర్వాత నూకరాజు గడ్డం, తర్వాత ఆయన మొత్తం. వెదురు తడిక మీద బాసిపీట వేసుకుని ఉన్నాడు. వెనక ఎండిన పొలాలు.

“అమ్మడూ, ఇనబడతందా? బండాగిపోయిందే.”

“ఏమైంది నాన్నా? చెడిపోయిందా?”

“సెడిపోడానికి ఇందులో ఏవుంది? ఎదురుబండొచ్చింది. అందులో ఎవరున్నారనుకున్నావ్? మనోళ్లే! తెలుగోళ్లే! ఎదురు సంస్థవోళ్లంట!”

నూకరాజు ఫోను అటు తిప్పాడు. పది గజాల దూరంలో పట్టాల మీద ఇంకో తడిక. దాని మీద టోపీలు పెట్టుకుని, మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న మనుషులు. విరూపాక్షం గారి లేఖ వెళ్లిన రోజునే వెదురు వృద్ధి సంస్థవాళ్లూ కమిటీ వేసుకున్నారట.

“మరి తక్కువమంది ఉన్నవాళ్లు దిగాలి కదా నాన్నా?”

“అక్కడే వొచ్చింది. మేం అయిదుగురం. ఆళ్లూ అయిదుగురే. బండి కుర్రోడు యేళ్లు పెట్టి అటూ ఇటూ లెక్కెట్టి బుర్ర గోక్కుంటన్నాడు.”

ఫోనులో విరూపాక్షం గారి గొంతు వినబడింది. “మా శాఖ ఎనభై ఏండ్లది! మీది నిన్నగాక మొన్న పుట్టిన సంస్థ! మీరే దిగవలెను!”

అవతలి బండి మీద నుంచి ఒక సన్నని గొంతు. “మా చైర్మన్ గారిది సెక్రటరీ హోదా. హోదాలో పెద్దవారు దిగిన దృష్టాంతం ఉన్నచో చూపగలరు!”

“హోదా ఎప్పటి నుండి? తాత్కాలికమా, పూర్తి స్థాయా?”

“ఆ ప్రశ్న అడుగుటకు మీకు అధికారం లేదు!”

“సర్వీసులో చేరిన తేదీ చెప్పండి! తేదీ!”

కూర్చుని తేదీలు చెప్పుకుంటే అందడం లేదని ముందు విరూపాక్షం గారు దిగారు. సమానంగా నిలబడి మాట్లాడాలని అవతలి వారు ఇద్దరు దిగారు. మనవాళ్లు తక్కువైపోతారని డైరెక్టరు గారూ లెక్కల అధికారీ దిగారు. అంతట అవతల మిగిలినవారూ దిగారు. ఆఖరికి మినిట్సు రాయడానికి ఒక మనిషి కావాలని పద్మరాజు గారినీ దింపారు. తొమ్మిది మంది కంబోడియా గడ్డిలో, ఏ హోదాలో నిలబడ్డారో ఎవరూ అడక్కుండా, నిలబడి ప్రొబేషను తేదీలూ ప్రమోషను తేదీలూ గట్టిగా అరుచుకోసాగారు. ఒకాయన నడి ఎండలో ఫోనులో సీనియారిటీ జాబితా వెతుకుతున్నాడు.

“నాన్నా, నువ్వు దిగలేదేం?”

“మోకాళ్లు పట్టేశాయే. కూకోడానికే గగనమైంది. దిగితే మళ్లీ ఎక్కలేను. అయినా నాకు పెమోసను తేదీ లేదుగా, దిగి ఏం సెప్పను?”

బండి కుర్రవాడు కాసేపు చెట్టు కింద నిలబడి చూశాడు. సిగరెట్టు కాల్చుకున్నాడు. మనుషులు తగ్గే జాడ లేదు. వచ్చి తన తడిక వైపు చూసి ఒక వేలెత్తాడు. ఎదుటి తడిక వైపు చూసి పిడికిలి మూశాడు. అవతలి బండివాడు తలూపాడు. ఇద్దరూ కలిసి ఆ ఖాళీ బండిని విప్పారు. ఇంజను ఒకచోట, తడిక ఒకచోట, ఇరుసులు ఒకచోట పెట్టారు. నూకరాజు కూర్చున్న చోటు నుంచే, “ముందు ఆ కొస! ఆ కొసెత్తు! అదీ!” అని సాంకేతిక సలహా ఇచ్చాడు. వాళ్లకది అర్థమైనట్టే ఉంది.

తర్వాత ఈ బండి ఇంజను టపటపమని అందుకుంది.

“అరెరె, కదిలిందే! అమ్మడూ, కదిలింది! అయ్యగార్లూ! బాబూ! బండెళ్లిపోతంది!”

“ఇది క్రమవిరుద్ధం!” అని విరూపాక్షం గారి కేక వినబడి, వెనకబడిపోయింది. పద్మరాజు గారు ఒక చేత్తో మినిట్సు పుస్తకం, ఇంకో చేత్తో పంచె కుచ్చెళ్లు పట్టుకుని బండి వెనక పట్టాల మీద పరుగెత్తుతూ కొంతదూరం కనిపించారు. తర్వాత ఆయనా కనిపించలేదు. తడిక అంతా ఖాళీ. మధ్యలో నూకరాజు ఒక్కడు. తలపాగా గాలికి ఎగురుతోంది. రెండు పట్టాలూ ఆయన ముందు నుంచి తిన్నగా పొదల్లోకి పోతున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన వాటిని ఇంకొకరి వీపు మీంచి చూశాడు.

“నాన్నా!”

నూకరాజు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు, తోసేవాళ్లెవరైనా ఉన్నారేమోనన్నట్టు. మళ్లీ ముందుకు తిరిగాడు. ఫోనుని ఒళ్లో పెట్టేసుకున్నట్టున్నాడు, చొక్కా గుండీ, దాని పైన ఆకాశం కనిపించాయి. కాసేపటికి సిగ్నలు పోయింది. వీరవేణి ఆఫీసు అన్న సంగతి మరిచి, బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. పక్క సీటు ఆవిడ వచ్చి చూసి, ఏడుస్తోందనుకుని మంచినీళ్లిచ్చింది. ఆవిడ అనుకున్నది సగం నిజమే.

కమిటీ తిరిగొచ్చి నివేదిక ఇచ్చింది. టైపు చేసింది వీరవేణే. ‘కమిటీ సభ్యులు నలుగురు ఆరు కిలోమీటర్ల మార్గమును లోతుగా పరిశీలించు నిమిత్తం కాలినడకన తనిఖీ చేసిరి. మిగిలిన మార్గమును సాంకేతిక సభ్యులు ఏకాంతముగా పరిశీలించిరి. వాహనం ఎవరి హోదానూ పాటించనందున ఉద్యోగులకు తగదు.’ దానితో పాటు విదేశీ ప్రయాణానికి కొత్త ఫారం కూడా వచ్చింది. ఉద్యోగుల ఆకాంక్షలను గౌరవిస్తూ పదకొండో గడిలో ‘(ఉ) సరదా’ చేర్చారు. దాని ఎదురుగా ‘వర్తించదు’ అని అచ్చు వేసే ఉంది.

చివరికి వీరవేణి దరఖాస్తు మీద ఉత్తర్వు: ‘దరఖాస్తుదారు తెలిపిన ప్రయోజనం, అనగా తండ్రిగారిని వెదురు రైలు మీద కూర్చోబెట్టుట, శాఖ ద్వారానే నెరవేరినందున, ఇక అనుమతి అవసరం లేదు. ఫైలు ముగించడమైనది.’

ఆ కాగితం పద్మరాజు గారే తెచ్చిచ్చారు. పాదాలకి ఇంకా కట్లున్నాయి. “నాకు మనసొప్పలేదమ్మా. నువ్వు వెళ్లాల్సింది” అన్నారు. వీరవేణి, “అందులో తప్పేం లేదండి. నేను రాసిన ప్రయోజనం అదే” అని ఆఫీసు కాపీ మీద సంతకం పెట్టింది.

సాయంత్రం సామర్లకోటలో ఉత్తర్వు తండ్రికి చదివి వినిపించింది. వారంలో ఆపరేషన్. ఆయన మంచం మీద కాళ్లు చాపుకుని, వీపు కింద రెండు దిండ్లు పెట్టుకుని ఉన్నాడు.

“అంటే నువ్వింక ఎళ్లకూడదా?”

“ఇప్పటికి కూడదు. సర్లే గానీ, ఇంతవరకూ చెప్పనేలేదు. ఎలా ఉంది నాన్నా, కూర్చుంటే?”

నూకరాజు దిండు సర్దుకున్నాడు. నడుము మీద చెయ్యి వేసుకున్నాడు.

“నిజం సెప్పేదా? నడుం ఇరిగిపోయిందే. పతీ అతుకు దగ్గరా ఎత్తేసి కుదేత్తది. తోసేటప్పుడు కాళ్లకి తప్ప ఇంకెక్కడా తెలిసేది కాదు.” ఆయన కళ్లు మూసుకుని నిట్టూర్చాడు. “ముప్పై ఏళ్లు ఆ బెంచీ మీద ఎలా కూకున్నారో, పాపం, ఆ ఇనస్పెట్రు బాబులు! ఒక్కరైనా దిగి ‘కాసేపు నువ్వు కూకో నూకరాజూ’ అంటే, నేను కాదనేవోణ్ణా?”